“మైనర్‌వి, నీకేం కాదులే” అని మా అక్క కొడుకుని ముందుకు తోశారు. ఇప్పుడేం చెయ్యాలి?

అల్లూరు మెకానిక్:
అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా అల్లూరు పక్క పల్లె. మా అక్క కొడుక్కి పదహారేళ్లు. పదిలో లెక్కలు పోయినాయి. బావ చెన్నైలో బేల్దారి పని, పండక్కొస్తే వచ్చినట్టు. వీడు రొయ్యల గుంటల కాడ మేత చల్లే పనికి పోతా, ఇరవై రెండేళ్లోడు ఒకడితో తిరగడం మొదలుపెట్టాడు. మొన్న ఆదివారం రాత్రి ఏరేటర్ల (గుంట నీళ్లలోకి గాలి కొట్టే మిషన్లు) కేబుల్ కోసుకొచ్చి, రాగి అమ్మబోతా ఇద్దరూ దొరికారు. కోసింది మావాడే. కత్తి చేతికిచ్చి “నువ్వు మైనర్‌వి, నీకేం కాదులే” అన్నాడంట ఆ పెద్దోడు.

రాత్రంతా స్టేషన్లో కూర్చోబెట్టి, పొద్దున అక్క చేత సంతకం పెట్టించుకుని పంపారు. పిల్లల కేసులు చూసే బోర్డు ముందుకు రావాలన్నారు. పదహారు దాటితే పెద్దోళ్ల కోర్టుకే పంపుతారని ఊళ్లో ఒకటే మాట. ఒకాయన ముప్పై వేలిస్తే కేసే లేకుండా చేస్తానంటున్నాడు. అక్క చెవికమ్మలు తీసి కొంగున కట్టుకుని కూర్చోనుంది. ఇయ్యమంటారా? వాడి ఫోటో ఊరి వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టారు.

విడవలూరు రైతు:
మీ బాధ సరే, మా గోడు కూడా వినండి. పోయినేడు నా గుంట కాడా ఇట్టాగే కోసుకుపోయారు. ఏరేటర్లు ఆగితే తెల్లారుజాముకి నీళ్లలో ఆక్సిజన్ పడిపోద్ది. టార్చి వేసి చూస్తే రొయ్యలన్నీ గట్టు వారగా పైకి తేలి ఉండాయి. వాళ్లకి దక్కింది నాలుగు వందల రాగి, నాకు పోయింది పంట. ఏమీ కాదని తెలిసే చేస్తున్నారు ఈ పిలకాయలు. ముందు రెండు తగిలించాలి.

ఒంగోలు టీచరమ్మ (రిటైర్డ్):
తమ్ముడూ, ముందు మీ అక్కని కమ్మలు పెట్టుకోమను. నేను కొన్నాళ్లు జువెనైల్ జస్టిస్ బోర్డులో సభ్యురాలిగా చేశాను. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, అందులో ఒకరు తప్పనిసరిగా ఆడమనిషి. అంతే బోర్డంటే. బోను ఉండదు, ఎత్తు వేదిక ఉండదు. పిల్లాడు చేతులు కట్టుకుని నిలబడితే కుర్చీ వేసి కూర్చోబెట్టి, పొద్దున ఏం తిన్నావని అడిగేదాన్ని. సగం మంది ఏమీ తినకుండానే వచ్చేవాళ్లు.

పెద్దవాళ్ల కోర్టు భయం వద్దు. కనీస శిక్షే ఏడేళ్లు ఉండే ఘోరమైన నేరాలకే, అదీ బోర్డు పరిశీలించాకే, ఆ మాట వస్తుంది. దొంగతనం అందులోకి రాదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలో 12వ సెక్షన్ ప్రకారం పిల్లలకి బెయిలు ఇవ్వడమే రూలు. కాదనడానికి మూడే కారణాలు, వాటిలో ఒకటి నేరస్తుల సావాసంలో పడతాడన్నది. అందుకే వాణ్ని ఆ గుంటల వైపు పోనివ్వకండి. వకీలుకి డబ్బుల్లేకపోతే 15100కి ఫోన్ చెయ్యండి, ఉచితంగా పెడతారు. పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు. ఆ రాత్రి ఎక్కడ ఉంచారో, ఏమన్నారో బోర్డులో వాణ్నే చెప్పనివ్వండి.

ప్రొబేషన్ ఆఫీసర్ ఇంటికొస్తారు. మీ బావ ఊళ్లో ఉండడని, లెక్కలు పోయాయని దాచకుండా చెప్పండి. ఆయన రాసే రిపోర్టు చూసే బోర్డు కౌన్సెలింగా, ప్రొబేషనా (మంచిగా ఉండాలన్న షరతు మీద ఇంటికి పంపడమా) అని ఆలోచిస్తుంది.

రైతుగారూ, మీ నష్టం చిన్నది కాదు. కానీ “ఏమీ కాదు” అన్నది పిల్లాడు కాదు, పెద్దోడు. పిల్లల్ని నేరాలకి వాడుకునే పెద్దవాళ్లకి 83వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన జైలు, 5 లక్షల జరిమానా ఉంది. నేనున్నన్నాళ్లూ ఆ సెక్షన్ రాసిన కాగితం ఒక్కటీ నా కంట పడలేదు. పిల్లాడొచ్చి మా ముందు కూర్చునేవాడు, పంపినవాడు ఏ టీకొట్టు కాడో ఇంకో పిల్లాణ్ని వెతుక్కునేవాడు. రెండు తగిలించాలంటే అక్కడ తగిలించాలి. తమ్ముడూ, ఆ మాట వాడు ఎక్కడ, ఎవరి ముందు అన్నాడో తప్పకుండా రాయించండి.

ఫోటో తీసెయ్యమని గ్రూపు అడ్మిన్‌కి చెప్పండి. కేసులో ఉన్న పిల్లాడి ఫోటో బయటపెడితే 74వ సెక్షన్, ఆర్నెల్ల దాకా జైలు గానీ 2 లక్షల దాకా జరిమానా గానీ, రెండూ గానీ.

చీమకుర్తి గ్రానైట్:
నేను పదిహేనేళ్లప్పుడు లారీ బ్యాటరీల కేసులో నలభై రోజులు కేసుల్లో ఉన్న పిల్లల్ని ఉంచే హోమ్‌లో ఉండొచ్చా. హోమ్ ఎట్టనో గడిచింది. వచ్చాకే నరకం. నేను షెడ్డు ముందు నిలబడితే సామాను లోపల పెట్టుకునేవాళ్లు. ఒక్క ఆసామి మాత్రం మోటారు గది తాళం నా చేతికిచ్చి “రాత్రి నీళ్లు కట్టెయ్యి” అని ఇంటికి పోయాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలా, ఏమన్నా పోతే నామీదికొస్తదని. మీకు షెడ్డు ఉందిగా అన్నా, తాళం వాడికియ్యి.

అల్లూరు మెకానిక్:
టీచరమ్మా, డబ్బులు ఇయ్యలేదు. బావ రేపు పినాకిని రైలుకి వస్తన్నాడు. ఫోటో తీసేశారు, కాకపోతే చూడాల్సినోళ్లంతా చూసేశారు. ఒక్క సందేహం. బడి సర్టిఫికెట్లో పుట్టిన తేదీకీ ఆధార్‌లో దానికీ పది నెలలు తేడా ఉంది. ఇబ్బందా?

ఒంగోలు టీచరమ్మ (రిటైర్డ్):
వయసుకి చట్టం ముందు చూసేది బడి సర్టిఫికెట్టే. ఆధార్ ఆ వరసలో లేదు. ఒరిజినల్ పట్టుకెళ్లండి. పొద్దున్నే వాడికి రెండిడ్లీలు పెట్టి తీసుకెళ్లండి.