సంవత్సరం చివర్లో హైస్కూల్ పేరెంట్స్‌కి ఎలా చెప్తే చేరుతుంది? నేను పంపినవి పంపినట్టే ఉంటున్నాయి

చాక్‌పీస్:
అందరికీ నమస్తే అండి. నేను హైస్కూల్లో క్లాస్ టీచర్ని, నా క్లాసులో 42 మంది పిల్లలు. స్కూలు ముగియడానికి ఇంకా ఆరు వారాలుంది, నాకు ఇప్పట్నుంచే గుబులుగా ఉంది. పోయినేడు ఆఖరి నెలలో నేను గ్రూప్‌లో పెట్టిన మెసేజులు తర్వాత కూర్చుని లెక్కపెడితే 61 తేలాయి. పరీక్షల టైంటేబుల్, మారిన టైంటేబుల్, మళ్ళీ మారిన టైంటేబుల్, లైబ్రరీ పుస్తకాలు, ల్యాబ్ రికార్డులు, వచ్చే ఏడు సబ్జెక్టులు ఎంచుకునే ఫారం, ఫేర్‌వెల్, సగం పూట ఉండే రోజులు, అన్నీ చెప్పానండి ఏదీ వదల్లేదు. అయినా ఆఖరి రోజు ఒక నాన్నగారు వచ్చి మా వాడు సైన్స్‌లో తప్పేలా ఉన్నాడని మాకు ఒక్కరు కూడా చెప్పలేదే అన్నారు. నేను వెంటనే ఫోన్ తీసి చూపించా, ఇదిగో సార్ మూడు వారాల కిందటే పంపాను, ఈ పీడీఎఫ్‌లో నాలుగో పేజీ చూడండి అని. ఆయన ఇంకేం అనలేదు. ఫోన్ వంక ఒకసారి నా వంక ఒకసారి చూసి వెళ్ళిపోయారు. అప్పుడు నాదే గెలుపు అనుకున్నా కానీ ఇంటికెళ్ళాక ఎందుకో ముద్ద దిగలేదు.

అందుకే అడుగుతున్నా. ఈ ఆరు వారాల్లో ఏది ఎప్పుడు పంపాలి, ఎన్నిసార్లు పంపాలి, గ్రూప్‌లోనా ఒక్కొక్కరికి విడిగానా? టీచర్లు, పేరెంట్స్ ఎవరైనా చెప్పండి, తిట్టినా పర్లేదు.

ఇద్దరు_పిల్లల_నాన్న:
మేడమ్ గారూ, తిట్టినా పర్లేదన్నారు కాబట్టి ఆ నాన్నగారి తరఫున నేను మాట్లాడతా. మీరు చెప్పలేదని కాదండి, మాకు వినబడలేదు. నేను పొద్దున ఏడింటికి వెళ్తే రాత్రి తొమ్మిదింటికి వస్తా, ఫోన్ చూసేసరికి క్లాస్ గ్రూప్‌లో 118 మెసేజులు, అందులో మీది ఒక్కటి, మిగతావన్నీ ఓకే మేడమ్, నోటెడ్ మేడమ్, థాంక్యూ మేడమ్, దండాల బొమ్మలు, మధ్యలో ఎవరో పుట్టినరోజు. పైకి జరుపుతూ పోతే అసలు విషయం ఎక్కడో అడుగున పడుంటుంది. దొరికాక అది పీడీఎఫ్, పేరు చూస్తే ఫైనల్ కొత్తది 2, ఫోన్లో తెరిస్తే చీమ తలకాయంత అక్షరాలు, మా పెద్దాడి రోల్ నంబర్ వెతుక్కునేలోపు బ్యాటరీ అయిపోతుంది.

ఇంకోటి కూడా ఉందండి. చిన్నప్పుడు వీళ్ళే ఇంటికొచ్చి గుక్కతిప్పుకోకుండా అన్నీ చెప్పేవాళ్ళు, టీచర్ ఏ రంగు చీర కట్టుకుందో కూడా. ఇప్పుడు ఏంట్రా స్కూల్లో అంటే ఏం లేదు, పరీక్షలెలా అంటే బానే, అంతే, తలుపు పడిపోతుంది. బ్యాగులో పెట్టిన కాగితం నూతిలో పడ్డట్టే. ఈ వయసులోనే మాకు మీ మాట ఎక్కువ అవసరం, ఈ వయసులోనే మీరు పిల్లల చేతికిచ్చి పంపుతారు.

నాకు కావలసింది మూడే ముక్కలు. నా పిల్లాడు గండం గట్టెక్కుతాడా లేదా, నేను చేయగలిగింది ఇంకా ఏమైనా ఉందా, ఏ తారీఖు లోపు. మీరు చెప్పిన ఆ మూడు వారాల కిందటి మెసేజ్ వెళ్ళేసరికి మార్కులు వేయడం అయిపోయిందా లేదా అనేది చెప్పండి ముందు.

చాక్‌పీస్:
అయిపోయిందండి. అంతకు నాలుగు రోజుల ముందే అయిపోయింది. ఇప్పటిదాకా నేనట్లా ఆలోచించనేలేదు, నిజం చెప్పాలంటే.

లెక్కల_సార్:
ఇరవై నాలుగేళ్ళుగా ఇదే పని చేస్తున్నా కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా, ఓపికుంటే చదవండి.

మేడమ్, మీరు స్కూలు ఆఖరి రోజు నుంచి లెక్కేస్తున్నారు, అక్కడే వస్తోంది చిక్కు. మార్కులు లాక్ అయ్యే రోజు, అంటే ఆ తర్వాత ఇంక మార్చడానికి వీల్లేని రోజు నుంచి వెనక్కి లెక్కేయండి. ఆ రోజు తర్వాత వెళ్ళే కబురు సంతాప సందేశంతో సమానం, ఇంట్లో కొట్లాటకి తప్ప దేనికీ పనికిరాదు. లాక్‌కి కనీసం నాలుగు వారాల ముందు మొదటి మాట ఇంటికి వెళ్ళాలి, అప్పుడు ఇవ్వని ప్రాజెక్టు ఇవ్వచ్చు, తప్పిన టెస్ట్ మళ్ళీ రాయచ్చు, ఒకట్రెండు ట్యూషన్లు చెప్పించుకోవచ్చు.

రెండోది, మీ 61 మెసేజుల్ని రెండు కుప్పలు చేయండి. అందరికీ ఒకటే అయినవి ఒక కుప్ప: తారీఖులు, టైమింగులు, తిరిగి ఇవ్వాల్సిన వస్తువులు. ఇవి వారానికి ఒక్కసారి, ప్రతిసారీ అదే రోజు అదే గంటకి, ఒకే మెసేజ్‌లో, పీడీఎఫ్ కాదు టైప్ చేసి పంపండి. టైంటేబుల్ మారితే మొత్తం మళ్ళీ పెట్టకండి, మొదటి లైన్‌లోనే ఏది మారిందో అది చెప్పండి, మంగళవారం ఇంగ్లీష్ గురువారానికి మారింది అని. పాతది డిలీట్ చేయండి, లేకపోతే సగంమంది దాన్నే పట్టుకుని వస్తారు. ఆ గ్రూప్‌లో అడ్మిన్ మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చేయండి, ఓకే మేడమ్‌ల గోల ఆరోజుతో ఆఖరు. ఆ వారం మెసేజ్‌ని పిన్ చేసుకోవచ్చు కూడా, వాట్సాప్‌లో ఒక రోజు, ఏడు రోజులు, 30 రోజులు అని అడుగుతుంది.

ఒక్క పిల్లాడికి సంబంధించింది రెండో కుప్ప, అది ఎప్పుడూ గ్రూప్‌లో పడకూడదు. మీరు మార్కుల పీడీఎఫ్ అందరికీ పెట్టారంటే 42 మంది పేర్లు 42 ఇళ్ళలో చదివారన్న మాట, ఏమీ అనుకోవద్దు గానీ అది పద్ధతి కాదు. 42లో నిజంగా ప్రమాదంలో ఉండేది ఎంతమంది, ఎనిమిదో తొమ్మిదో. వాళ్ళకి విడిగా రాయండి, ఒక్క వాక్యం చాలు. అమెరికాలో బోస్టన్‌లో మాథ్యూ క్రాఫ్ట్, టాడ్ రోజర్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే పని చేసి చూశారు, తప్పిన సబ్జెక్టుల కోసం ఎండాకాలం క్లాసులకొచ్చే హైస్కూల్ పిల్లల మీద. వారానికి ఒక్కటంటే ఒక్క వాక్యం, టీచర్ నుంచి ఇంటికి. ఆ క్లాసులు గట్టెక్కని పిల్లలు 100కి దాదాపు 16 మంది ఉండేచోట 9 మందికి తగ్గారు, ఎక్కువగా మధ్యలో మానేసేవాళ్ళు తగ్గడం వల్ల. నాకు నచ్చింది ఏంటంటే మీవాడు బాగా చేస్తున్నాడు అని పొగిడిన మెసేజుల కంటే ఫలానాది సరిచేసుకోవాలి అన్నవే ఎక్కువ పనిచేశాయి. ఇంట్లో మాట్లాడుకోవడం పెరగలేదట, మాట్లాడే విషయం మారిందట. చదువుకోరా అనే బదులు రెండో ల్యాబ్ రికార్డ్ ఇచ్చావా అని అడిగారన్న మాట.

కాబట్టి "మీ అబ్బాయి సైన్స్‌లో వెనకబడ్డాడు, దయచేసి శ్రద్ధ వహించగలరు" అని రాయకండి. శ్రద్ధ ఎలా వహిస్తారండి, ఏ అంగడిలో దొరుకుతుంది. "సైన్స్‌లో రెండు ల్యాబ్ రికార్డులు రాలేదు, 14వ తారీఖు లోపు ఇస్తే మార్కులు కలుపుతాను, లేకపోతే తప్పుతాడు" అని రాయండి.

ఆఫీసు_కుర్చీ:
స్కూల్ ఆఫీసులో పని చేస్తా. మీరంతా ఏం రాయాలి అని మాట్లాడుతున్నారు, అసలు ఎవరికి వెళ్తోంది అని ఎవరూ అడగట్లేదే. అడ్మిషన్ రోజు ఇచ్చిన నంబర్ నాలుగేళ్ళ తర్వాత కూడా అదే ఉంటుందా? మా దగ్గర ఏటా ఆఖరి నెలలో ఫోన్లు చేస్తే క్లాసుకి అయిదారు నంబర్లు చచ్చిపోయి ఉంటాయి, ఒకటి రెండు పిల్లాడి సొంత నంబర్లే అని తేలతాయి, వాడే నాన్నగారిలా ఓకే అని రిప్లై ఇస్తుంటాడు. నవ్వకండి నిజం. అమ్మానాన్న విడిగా ఉండే ఇళ్ళల్లో ఒకరికే వెళ్తుంది, రెండోవాళ్ళకి స్కూలు మూసేసిన సంగతి కూడా తెలీదు. ముందు ఒక సాయంత్రం కూర్చుని నంబర్లు సరిచూసుకోండి, తక్కినవన్నీ తర్వాత.

వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్ట్, అంటే ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా వెళ్ళే లిస్ట్, పెట్టేవాళ్ళకి ఒక మాట. పేరెంట్ ఫోన్లో మీ నంబర్ సేవ్ అయి ఉంటేనే ఆ మెసేజ్ వెళ్తుంది, లేకపోతే మీకు పంపినట్టే కనబడుతుంది వాళ్ళకి మాత్రం రాదు. మా దగ్గర ఒక టీచర్‌కి ఈ సంగతి రెండేళ్ళకి తెలిసింది.

ఇంకా, యాప్ పెట్టాం డౌన్‌లోడ్ చేసుకోండి రిజిస్టర్ చేసుకోండి అనే పద్ధతి మానేస్తే మంచిది. వాషింగ్టన్ డీసీ స్కూళ్ళలో పిల్లల మార్కులు, రాని హోంవర్కులు ఫోన్‌కి పంపే ఏర్పాటు పెట్టి చూశారు. వెబ్‌సైట్లోకి వెళ్ళి చేరండి అంటే 100కి ఒకరు చేరితే ఎక్కువ. మేమే చేర్చేశాం వద్దనుకుంటే ఆపు అని మెసేజ్ పెట్టండి అన్న చోట 95 మంది ఉండిపోయారు. పేరెంట్స్‌కి పట్టదు అంటారే, అడుగు అడుగునా పాస్‌వర్డ్ పెడితే ఎవరికి పడుతుంది.

వెనక_బెంచీ:
హాయ్, నేను పోయినేడే స్కూల్ అయిపోయిన స్టూడెంట్‌ని, మధ్యలో దూరుతున్నందుకు సారీ. సార్ చెప్పింది బానే ఉంది కానీ మా సైడ్ కూడా చూడండి. నాకు ఒక సబ్జెక్ట్‌లో తక్కువొస్తోందని ఫస్ట్ మా అమ్మకి తెలిసింది, నాకు తర్వాత. నేను ఇంటికెళ్ళేసరికి అమ్మ ఏడుస్తోంది, నాకేమో ఏం జరిగిందో కూడా తెలీదు. ఆ రోజు నుంచి ఆ టీచర్‌తో నేను మాట్లాడలేదు, ఇప్పటికీ తప్పు నాదే అని తెలుసు అయినా సరే. మాకు ఒక్క రోజు ముందు చెప్పండి. ఇంట్లో నువ్వే చెప్తావా నన్ను చెప్పమంటావా అని అడిగితే చాలు, సగంమంది భయపడి ఆ రోజే రికార్డు రాసేస్తారు కూడా.

లెక్కల_సార్:
బాబూ నువ్వన్నది కరెక్టే, నేను రాయడం మర్చిపోయా. పొద్దున పిల్లాడిని పక్కకి పిలిచి చెప్పాలి, సాయంత్రం ఇంటికి పంపాలి. మెసేజ్‌లో ఏం రాయబోతున్నానో అదే వాడికి చదివి వినిపిస్తా నేనైతే. అయితే వారం ఆగండి సార్ నేనే చెప్తా అంటే మాత్రం ఆగను, ఆ వారాలు నేను చాలా చూశా.

నిన్నటి_పేరెంట్:
అందరూ ఆఖరి రోజు దాకానే మాట్లాడుతున్నారు, ఆఖరి క్లాసు పిల్లల ఇళ్ళల్లో అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. మా అమ్మాయికి సీటొచ్చింది, అందరం స్వీట్లు పంచుకున్నాం, ఇంక అయిపోయిందనుకున్నాం. తర్వాత కాలేజీ వాళ్ళు ఏవో ఫారాలు పంపింది స్కూల్ ఇచ్చిన ఈమెయిల్‌కి, స్కూల్ అయిపోగానే ఆ అకౌంట్ మూసేశారు. దాంతోపాటు నాలుగేళ్ళ ప్రాజెక్టులు ఫోటోలు కూడా పోయాయి. మాకు చెప్పారా అంటే పిల్లలకి అసెంబ్లీలో చెప్పారట. స్కూల్‌కి ఫోన్ చేస్తే అందరూ సెలవులు. సిఫారసు ఉత్తరం రాయాల్సిన మేడమ్ ఊళ్ళో లేరు.

అమెరికాలో దీనికి సమ్మర్ మెల్ట్ అని ఒక పేరే ఉంది, సీటొచ్చి వెళ్తామని చెప్పిన పిల్లల్లో 100కి 10 నుంచి 20 మంది దాకా ఆ సెలవుల్లోనే జారిపోతారని చదివా. స్కూల్ వాళ్ళు మా పిల్లలు కాదనుకుంటారు, కాలేజీ వాళ్ళు ఇంకా మా పిల్లలు కాలేదనుకుంటారు. సెలవులకి ముందే ఒక్క మెసేజ్ పెట్టండి మేడమ్, ఈమెయిల్ ఏ తారీఖున మూస్తారు, సర్టిఫికెట్లకి సెలవుల్లో ఎవరిని అడగాలి, ఆఫీసు ఏ రోజుల్లో తెరిచి ఉంటుంది.

చాక్‌పీస్:
అందరికీ చాలా థాంక్సండి. పది రోజులైంది, ఏం చేశానో చెప్తా. మార్కులు లాక్ అయ్యేది 27న, గోడ మీద పెద్దగా రాసి పెట్టుకున్నా. గ్రూప్‌లో నేను తప్ప ఎవరూ రాయకుండా చేశా, ఇద్దరికి కోపం వచ్చింది. ప్రమాదంలో ఉన్నవాళ్ళు తొమ్మిది కాదు సార్, పదకొండు. పదకొండుమందితోనూ ముందు మాట్లాడా, ఒక పిల్ల ఏడ్చింది, ఒకడు మేడమ్ రేపు పంపండి ఇవాళ మా నాన్న మూడ్ బాలేదు అన్నాడు, సరే అని మర్నాడే పంపా.

నంబర్లు సరిచూసుకుందామని ఇళ్ళకి ఫోన్లు చేశా, అక్కడ ఒకటి బయటపడింది. గ్రూప్‌లో ఏ మెసేజ్ పెట్టినా అందరికంటే ముందు ఓకే మేడమ్ అని పెట్టే అమ్మ ఒకావిడ ఉన్నారు, ఆవిడంటే నాకు భలే ధైర్యంగా ఉండేది, ఈవిడకైతే అన్నీ తెలుసు అని. ఫోన్లో నెమ్మదిగా చెప్పారు, నాకు చదవడం రాదు మేడమ్, మీ పేరు మీద మెసేజ్ వచ్చిందంటే ఓకే అని పెట్టేస్తా, మా వాడు నేర్పించాడు అని. రెండేళ్ళుగా!

ఆవిడకి ఇప్పుడు వాయిస్ పంపుతున్నా, ఇరవై సెకన్లకి మించకుండా. తిరిగి ఆవిడా వాయిస్ పంపుతున్నారు, వెనకాల కుక్కర్ విజిళ్ళతో సహా. ఆ పిల్లాడు నిన్న ఒక ల్యాబ్ రికార్డు తెచ్చిచ్చాడు, సగం రాసి ఉంది. మిగతా సగం సోమవారం అన్నాడు, సోమవారం ఉదయం ఆవిడ వాయిస్ నాకంటే ముందే వచ్చేలా ఉంది.