పీఠికను వల్లె వేయించాలా, రాజ్యాంగాన్ని చదివించాలా?

విశ్రాంత పౌరశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి

రాజ్యాంగాన్ని సాంఘిక శాస్త్రంలో ఒక మూలన నాలుగు పాఠాలుగా సరిపెట్టకుండా, ఆరో తరగతి నుంచి పదో తరగతి వరకు విడిగా మార్కులున్న తప్పనిసరి విషయంగా బోధించాలని నా ప్రతిపాదన. రాజ్యాంగ నైతికత, అంటే రాజ్యాంగ విలువలకు కట్టుబడి నడుచుకునే గుణం, సహజంగా అబ్బేది కాదని, దానిని అలవరచుకోవలసిందేనని అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో చెప్పారు. అలవరచవలసిన చోటు బడి కాక మరేది? మహారాష్ట్ర 2020 జనవరి 26 నుంచి బడులలో పీఠిక పఠనాన్ని తప్పనిసరి చేసింది, 2023లో కర్ణాటక కూడా అదే దారి పట్టింది. రాజ్యాంగ ముసాయిదా సంఘంలో తెలుగువారైన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, ఎన్. మాధవరావు కూర్చున్నారన్న సంగతి తెలియకుండానే మన పిల్లలు పదో తరగతి దాటిపోతున్నారు. మీ అభిప్రాయాలు తెలుపగలరు.

సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయురాలు, ప్రకాశం జిల్లా

మాస్టారూ, మీ ఆవేదన అర్థమైంది కానీ, మీరు సూచించిన మందుతో రోగం ముదురుతుందని నా భయం. విడి విషయం అనగానే గైడు వస్తుంది, గైడు వెంట బిట్లు వస్తాయి. అస్పృశ్యతను నిషేధించిన ఆర్టికల్ ఏదని అడిగితే నా తరగతి మొత్తం ఒక్క గొంతుతో "పదిహేడు" అంటుంది. అదే తరగతి గదిని ఊడ్చే వంతు ఎప్పుడూ ఏ వీధి పిల్లలకే ఎందుకు పడుతున్నదని అడిగిన రోజు మాత్రం ఒక్కరూ నోరు మెదపలేదు. (ఆ వంతులు వేసింది మేమే కాబట్టి, సిగ్గుపడవలసినది పిల్లలు కాదు.)

పఠనం విషయంలో నాకు ఇంకా గట్టి అభ్యంతరం ఉంది. పౌరశాస్త్రం మన బడులలోకి వచ్చింది వలస పాలనలో, అది కూడా ప్రజలలో ప్రభుత్వం పట్ల అవిధేయత పెరుగుతున్న కాలంలో విధేయతను నేర్పడానికేనని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం స్పష్టంగా చెప్పింది. ప్రార్థన సమావేశంలో చేతులు కట్టుకుని పీఠికను అప్పజెప్పించడం ఆ పాత అలవాటుకే కొత్త చొక్కా తొడగడం. 1985లో కేరళలో ముగ్గురు తోబుట్టువులు తమ మత విశ్వాసం వల్ల జాతీయ గీతం పాడకుండా, గౌరవంగా నిలబడి మాత్రమే ఉన్నందుకు బడి నుంచి బహిష్కృతులయ్యారు. వారిని తిరిగి చేర్చుకోవాలని 1986లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తీర్పు రాసినది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి వెళ్లిన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి. మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుందని, దానిని పలుచన చేయవద్దని అందులో ఆయన కోరారు. పీఠికను నూరుసార్లు పలికించే బదులు ఆ తీర్పు కథను ఒక్కసారి చెప్పి, ఆ పిల్లలు చేసినది తప్పా ఒప్పా అని తరగతిని వాదించుకోనిస్తే నాకు చాలు.

అరిజోనాలో స్థిరపడిన ఒక తండ్రి

ఇక్కడి అనుభవం పనికొస్తుందేమోనని రాస్తున్నాను. వలస వచ్చినవారు పౌరసత్వం కోసం అప్పట్లో ఎదుర్కొన్న 100 ప్రశ్నల ఆధారంగా పరీక్ష పెట్టి, అందులో ఉత్తీర్ణులైతేనే హైస్కూలు పట్టా ఇవ్వాలని ఈ రాష్ట్రం 2015లో చట్టం చేసింది. మా అమ్మాయి ఒక సాయంత్రం చదివి ఆ పరీక్ష గట్టెక్కింది, ఇప్పుడు అడిగితే సగం గుర్తులేవంటుంది. అయితే అంతకు రెండేళ్ల ముందు ఒక టీచరు అమెరికా రాజ్యాంగ మూలపాఠాన్నే చేతికిచ్చి, ప్రాతినిధ్యం లెక్కలో బానిసలను ఐదింట మూడు వంతులుగా పరిగణించిన భాగాన్ని చదివించారు. వారం రోజులు మా ఇంట్లో భోజనాల దగ్గర అదే చర్చ నడిచింది.

విశ్రాంత పౌరశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి

పఠనం మీద మీరన్నది ఒప్పుకుంటాను. పరీక్ష విషయంలో మాత్రం వెనక్కి తగ్గను. పరీక్ష లేని విషయానికి మన దగ్గర పీరియడే మిగలదు, నీతి బోధన, డ్రాయింగు పీరియడ్లకు పట్టిన గతి మనం చూశాం కదా.

ఒక విద్యార్థి తల్లి, హైదరాబాద్

మాస్టారు చెప్పినది నిజం. మా అబ్బాయి చదివే ప్రైవేటు బడిలో ఎనిమిదో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో సాంఘికం పీరియడ్లు వారానికి రెండుకు దిగాయి. అడిగితే, పరీక్షకు నెల ముందు పూర్తి చేయిస్తామన్నారు.

సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయురాలు, ప్రకాశం జిల్లా

మార్కులు వద్దని నేను అనడం లేదు, దేనికి మార్కులన్నదే నా ప్రశ్న. 2023లో తెలంగాణ పదో తరగతి సాంఘిక శాస్త్రం పుస్తకం అట్టమీద 'సామ్యవాద', 'లౌకిక' అన్న మాటలు లేని పీఠిక పొరపాటున అచ్చయి పెద్ద గొడవైంది. నాకైతే అది చక్కని పాఠం. పాత పీఠిక, 1976 నాటి 42వ సవరణ తరువాతి పీఠిక పక్కపక్కన పెట్టి, తేడా కనిపెట్టి, ఉండాలో వద్దో కారణాలతో ఒక పేజీ రాయమంటాను. ఆ పేజీకి మార్కులు వేస్తాను. నిరుడు తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల, "భారత ప్రజలమైన మేము అని ఎందుకు రాశారు టీచర్, మనము అనాలి కదా, మేము అంటే వినేవాళ్లు అందులో లేనట్టే కదా" అని అడిగింది. ఇంగ్లీషులో చదివితే ఆ సందేహం రానే రాదు. రెండు పీరియడ్లు దానికే పోయాయి, సిలబస్ వెనకబడిందని ప్రధానోపాధ్యాయుల వారు చీవాట్లు కూడా పెట్టారు.

ఈ ఏడాది పిల్లలతో సమాచార హక్కు దరఖాస్తు తయారు చేయించాను. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దానికి రుసుము లేదు. బడికి వచ్చే తాగునీటి పైపు మరమ్మతుకు ఎంత ఖర్చు చేశారన్నది ప్రశ్న, సంతకం ఒక తల్లిది. ఇటువంటి పనులకు ఫార్మేటివ్ పరీక్షల ప్రాజెక్టు మార్కులు ఇప్పటికే ఉన్నాయి. వాటిని గైడులో చూసి ఎక్కించడానికి బదులు ఇలా వాడితే కొత్త విషయం, కొత్త పుస్తకం అక్కరలేదు.

విశ్రాంత పౌరశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి

ఆ దరఖాస్తుకు జవాబు వచ్చిందా అమ్మా?

సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయురాలు, ప్రకాశం జిల్లా

లేదండి. 30 రోజుల గడువులో ఇంకా పదకొండు రోజులున్నాయి. పిల్లలు రోజూ బోర్డు మూలన ఆ అంకె మారుస్తున్నారు.