తల్లిపాల బిడ్డకి ఆర్‌క్యూ 0.62 వస్తోంది, హుడ్ కొలతలో తేడా ఎక్కడ?

ప్రశ్న (గుంటూరు):
తల్లిపాలు మాత్రమే తాగే 4 కిలోల బిడ్డ. నిద్రలో తలమీద హుడ్ పెట్టి ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కొలుస్తున్నాం. గాలి ప్రవాహం నిమిషానికి 10 లీటర్లు. ఆర్‌క్యూ (వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకున్న ఆక్సిజన్‌తో భాగిస్తే వచ్చే అంకె) మరీ తక్కువగా 0.62, శక్తి వ్యయం కిలోకి రోజుకి 64 కిలోక్యాలరీలు చూపిస్తోంది. లీకేమోనని అంచులకి టేపు వేసినా అంకె మారలేదు. ఇంకేం చూడాలి? రోజు మొత్తం వ్యయం కావాలంటే డబ్లీ లేబుల్డ్ వాటర్ (బరువైన హైడ్రోజన్, ఆక్సిజన్ ఐసోటోపులతో గుర్తు పెట్టి తాగించే నీళ్లు) ఒక్కటే దారా?

జవాబు 1 (విజయవాడ):
లీకు కాదండీ. లీకైతే రెండు వాయువుల తేడాలూ ఒకే పాళ్లలో తగ్గుతాయి, ఆర్‌క్యూ కదలదు, శక్తి అంకె తగ్గాలి. మీకు పెరిగింది. నా అనుమానం తేమ మీద.

ఈ బరువుకి ఆక్సిజన్ నిమిషానికి సుమారు 28 మి.లీ., కార్బన్ డయాక్సైడ్ 24 అనుకోండి. 10 లీటర్ల ప్రవాహంలో అవి 0.28, 0.24 శాతం తేడాలే. హుడ్ గాలిలో గది గాలికన్నా అర శాతం నీటి ఆవిరి ఎక్కువున్నా, ఆక్సిజన్ మరో 0.105 శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. 0.24ని 0.385తో భాగిస్తే సరిగ్గా మీ 0.62. ఈ రెండు వాయువుల నుంచి శక్తిని లెక్కగట్టే వియర్ సూత్రంలో వేస్తే మీ 64 కూడా వస్తుంది. అసలు విలువ 49 దగ్గర ఉండాలి.

తేమ పీల్చే గుళికలు నీలం నుంచి గులాబీకి తిరిగాయేమో చూడండి. మన వానాకాలపు ఉక్కలో త్వరగా అయిపోతాయి. సోడాలైమ్ మాత్రం వద్దు, కార్బన్ డయాక్సైడ్‌నే మింగేస్తుంది. గది గాలి రీడింగూ అదే గొట్టం, అవే గుళికల గుండా రావాలి. ప్రవాహం 3–4 లీటర్లకి దించి, కార్బన్ డయాక్సైడ్ 0.5–1 శాతం మధ్య ఉండేలా చూసుకోండి.

జవాబు 2:
బిడ్డని పెట్టకముందే ఆల్కహాల్ పరీక్ష చెయ్యండి. శుద్ధ ఇథనాల్ గంటకి గ్రామున్నర మండితే నిమిషానికి 24 మి.లీ. కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఆర్‌క్యూ 0.667 రావాలి. మంటనుంచి ఆవిరి కూడా వస్తుంది కాబట్టి గుళికల పనీ బయటపడుతుంది. సర్జికల్ స్పిరిట్ వాడొద్దు, అందులోని నీళ్లవల్ల తూకం లెక్క తప్పుతుంది. మంట ప్లాస్టిక్‌కి దూరంగా ఉండాలి.

ఏసీ మరీ చల్లగా పెట్టకండి. పసిబిడ్డ ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికే శక్తి ఖర్చుపెడుతుంది, దాన్ని విశ్రాంతి వ్యయం అనుకుంటారు.

జవాబు 3:
మొత్తం వ్యయానికి డబ్లీ లేబుల్డ్ వాటరే నమ్మకం. డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) నీటిగా మాత్రమే పోతుంది, ఆక్సిజన్-18 (బరువైన ఆక్సిజన్) నీటిగానూ కార్బన్ డయాక్సైడ్‌గానూ పోతుంది. ఆ తేడాయే లెక్క. డోసు ఇచ్చేముందు ఒక మూత్రం నమూనా తప్పనిసరి, తర్వాత వారం పాటు. బిడ్డ కక్కితే తుడిచిన గుడ్డ తూచాలి.

ఎక్కువ పాడయ్యేది నమూనా దగ్గరే. జెల్ డైపర్ నుంచి కాకుండా, లోపల పెట్టిన దూదినుంచి పిండండి. తడిసిన వెంటనే తియ్యాలి. మన ఎండకి ఆరితే తేలిక అణువులు ముందు ఎగిరి, మిగిలినదాంట్లో బరువైన ఐసోటోపు ఎక్కువ కనిపిస్తుంది. బిగుతు మూత సీసాలో పోసి ఫ్రీజర్లో పెట్టండి.

ఇంకోటి: ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) 2004 నివేదిక సమీకరణం ప్రకారం తల్లిపాల బిడ్డ మొత్తం వ్యయం 92.8 × బరువు − 152, అంటే 4 కిలోలకి దాదాపు 219 కిలోక్యాలరీలు. మీ హుడ్ ఒక్క నిద్రకే రోజుకి 256 లెక్కన చూపిస్తోంది. ఆహార అవసరం లెక్కేసేటప్పుడు కొత్త కండలో, కొవ్వులో చేరే శక్తిని దీనికి విడిగా కలపాలి.