లింగ్‌ఝీ పుట్టగొడుగు క్యాన్సర్ రోగులకు మేలు చేస్తుందా?

రసాయని: చైనా వైద్యుల ప్రాచీన ఔషధ గ్రంథం షెన్నోంగ్ బెన్‌సావోలోనే చోటు దక్కిన లింగ్‌ఝీని మూఢనమ్మకంగా కొట్టిపారేయడం న్యాయం కాదు. 1982లో జపాన్ పరిశోధకులు దాని చేదుకు కారణమైన గనోడెరిక్ ఆమ్లాలు ఏ, బీల నిర్మాణాన్ని వెల్లడించారు. ఆ తరువాత అదే కోవకు చెందిన ట్రైటెర్పినాయిడ్లనే రసాయనాలు వందకు పైగా బయటపడ్డాయి. లింగ్‌ఝీలోని బీటా గ్లూకాన్లనే సంక్లిష్ట చక్కెరలు రోగనిరోధక కణాలను చురుకుపరుస్తాయని ప్రయోగశాలల్లో తేలింది.

గోదారిగట్టు: గాజుపాత్రలో జరిగినది ఒంట్లోనూ జరగాలని లేదు. ఐదు ప్రయోగాలలోని 373 మంది రోగుల వివరాలను పరిశీలించిన కాక్రేన్ (వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష, దీనిని క్యాన్సర్‌కు ప్రధాన చికిత్సగా వాడేందుకు తగిన ఆధారం లేదని చెప్పింది.

రసాయని: సగమే చెప్పారు. కీమోకు, రేడియేషన్‌కు తోడుగా వాడవచ్చని కూడా అదే సమీక్ష చెప్పింది.

గోదారిగట్టు: ఆ ప్రయోగాల నాణ్యత అంతంతమాత్రమనీ, రోగులు ఎన్నాళ్లు బతికారో ఒక్కటీ నమోదు చేయలేదనీ చెప్పినది కూడా ఆ సమీక్షే.

కొబ్బరితోట: మా కొబ్బరి చెట్లకు వచ్చే గానోడెర్మా తెగులు దీనివల్లనేనా?

రసాయని: రెండూ గానోడెర్మా అనే ఒకే ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల గుంపుకు, చెందినవే. అందులో చైనాలో సాగుచేసే జాతికి 2012లో గానోడెర్మా లింగ్‌ఝీ అని వేరుగా పేరు పెట్టారు.

గోదారిగట్టు: అయినా సీసాల మీద ఇప్పటికీ గానోడెర్మా లూసిడమ్ అనే పాత పేరే కనిపిస్తుంది. లోపల ఉన్నదేమిటో చెప్పలేని సరుకును గొలుసుకట్టు వ్యాపారంలో చేరిన బంధువొకరు మా మేనత్తకు అంటగట్టారు. ఆవిడ దానిని నమ్మి కీమో మధ్యలో మానేసింది. మీ ఆమ్లాల లెక్కలు ఆవిడకు ఏ విధంగా పనికివచ్చాయి?

రసాయని: ఆ తప్పు అమ్మినవారిది, పుట్టగొడుగుది కాదు. మా నాన్నగారు కీమోతో పాటే వాడుతున్నారు. మొదట్లో ఆ మాట ఎత్తగానే వైద్యుడు ఆకుపసర్లంటూ ఎగతాళి చేయడంతో ఇక చెప్పడం మానేశారు.

గోదారిగట్టు: అంటే దాచిపెట్టి మింగుతున్నారా? లింగ్‌ఝీ పొడి వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. రేపు రక్తపరీక్షలో తేడా వస్తే, ఆ వైద్యుడు కీమో మందునే అనుమానించి మోతాదు తగ్గించడా?

మల్లెపందిరి: సీసా తీసుకెళ్లి చూపిస్తే పోతుంది కదండీ.

రసాయని: చూపిస్తే ఆపమంటారు. తన ఒంట్లోకి ఏది వెళ్లాలో తేల్చుకునే హక్కు నాన్నగారిదే, వైద్యుడిది కాదు.

గోదారిగట్టు: హక్కు ఆయనదేనండీ, కాదనను. కాని కీమో ఎక్కించే మనిషికి ఆ సంగతి తెలియకుండా ఉంచే హక్కు కూడా ఉందంటే మాత్రం నేను ఒప్పుకోను.