మా దివాణం అమ్మేయాలా, నిలబెట్టుకోవాలా?

టెక్కలి ఆడపడుచు: మాది శ్రీకాకుళం జిల్లాలో చిన్న జమీందారీ. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ఊళ్లు ప్రభుత్వానికి పోయాయి, శిస్తు ఆగిపోయింది, దివాణం, అంటే మా ఇల్లు మాత్రం మాకు మిగిలింది. తాతగారి కాలంలో వెండి కంచాలు, నాన్నగారి కాలంలో కొబ్బరితోట అమ్ముడుపోయాయి. 2018లో తిత్లీ తుపానుకి వంటశాల పెంకులు లేచిపోయాయి. ఇప్పుడు వానకి కురవనిది కచేరీ సావిడి ఒక్కటే, అమ్మ అందులోనే మంచం వేసుకుంది. వాటాదారులం తొమ్మిదిమందిమి. పాత కలప కొనేవాళ్లు వచ్చి టేకు స్తంభాలు కొలిచి, ఒక్కోదాని మీద సుద్దతో నంబరు వేసి వెళ్లారు. అమ్మ తడిగుడ్డతో తుడిచేసింది. అన్నయ్యలు అమ్మేద్దామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

విశాఖ ఉద్యోగి: అమ్మేయండక్కా. మా అత్తవారు పంపకాల కోసం ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగారు. ఈలోగా గోడలో రావిచెట్టు మొలిచి సగం ఇల్లు కూలింది. విజయనగరం కోట సంగతి వేరు, అక్కడి రాజులు పూసపాటివారు 1958లో చదువుల కోసం మాన్సాస్ ట్రస్టు పెట్టారు, కోటలో కాలేజీలు నడిచాయి. మనలాంటివాళ్లకి ఆ దారి లేదు. ముందు అమ్మగారిని కురవని ఇంట్లోకి మార్చండి.

ఉద్దానం రైతు: అమ్మా, మా తాత దివాణంలో వెట్టి చేశాడు. మందస జమీందారీలో అడవి కట్టెల కోసం నిలబడ్డ రైతుల మీద 1940లో పోలీసులు కాల్పులు జరిపితే వీరగున్నమ్మ చనిపోయింది. ఆ పేరు మా ఇళ్లలో ఇంకా తలుచుకుంటాం. దివాణాలు కూలితే నాకేం బాధ అనుకునేవాణ్ని. మా ఊరి దివాణం పడగొట్టిన రోజు కచేరీ గదిలోని కవిలె కట్టలు, అంటే పాత శిస్తు లెక్కలు, దస్త్రాలు ట్రాక్టరుకెత్తి చెరువుగట్టు కింద తగలబెట్టారు. ఏ రైతు ఏ చెక్క దున్నాడో, ఎంత కట్టాడో అన్నీ వాటిలో ఉండేవి. మా తాత వేలిముద్ర చూసుకునే అదృష్టం నాకు లేకపోయింది. ఇల్లు మీది, మీ ఇష్టం. ఆ లెక్కలు మాత్రం మావి కూడా. మీ సావిడిలో పెట్టె ఉంటే ఊరివాళ్లని పిలిచి తెరవండి.

సున్నం మేస్త్రి: ఉంచుకునేట్టయితే గానుగ సున్నం గోడల మీద సిమెంటు పూయించకండి. తేమ బయటికి పోక ఇటుక పొడైపోతుంది. ముందు కప్పు, తర్వాతే గోడ.

టెక్కలి ఆడపడుచు: బాబాయిగారూ, పెట్టె ఉంది. తాళంచెవి దొరక్క తాళం కోయించాం. పై కట్టలు చెదలు తినేశాయి, అడుగున మూడు బాగున్నాయి. మీ ఊరి పేరు కనబడలేదు. చుట్టుపక్కల నాలుగు ఊళ్లవి ఉన్నాయి. వెనక పెరడు అమ్ముకోండి, అందులో నా వాటా కూడా మీరే తీసుకోండి, సావిడి మాత్రం నాకు వదలండి అని అన్నయ్యలతో చెప్పాను. ఇద్దరు ఒప్పుకున్నారు. నాలుగు ఊళ్ల పెద్దలకీ కబురు పంపాను, ఆదివారం వస్తామన్నారు.