పాయింట్లు సరే, పని నేర్పే శిక్షణ బెంగళూరులో ఎక్కడ దొరుకుతోంది?

హెచ్‌ఎస్‌ఆర్ క్లినికల్:
అందరికీ నమస్కారం. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. వచ్చే ఏడాది ఆర్‌సీఐ (క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఉంది. ఐదేళ్లలో రావాల్సిన 100 సీఆర్‌ఈ (ఉద్యోగంలో ఉంటూ పొందే నిరంతర శిక్షణ) పాయింట్లు దాదాపు వచ్చేశాయి కాబట్టి ఆ టెన్షన్ లేదు. నా బాధ వేరు. ఎంఫిల్‌లో ప్రతి కేసూ సూపర్‌వైజర్ ముందు పెట్టేవాళ్లం, ఎందుకిలా చేశావని అడిగితే జవాబు చెప్పుకునేవాళ్లం. ఉద్యోగంలో చేరాక అలా అడిగేవాళ్లే లేరు. ఓసీడీ (వదలని ఆలోచనలు, చేసిందే మళ్లీ మళ్లీ చేయడం) కేసులకు ఈఆర్‌పీ చేస్తున్నాను, అంటే భయపెట్టేదాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోమని చెప్పి, ఆ చేసిందే చేయడాన్ని ఆపించే చికిత్స. పద్ధతి ప్రకారం నడుస్తోందో లేదో పక్కనుండి చూసి చెప్పేవాళ్లు కావాలి. మీరంతా ఏం చేస్తున్నారు? నాకు ఆదివారాలే కుదురుతాయి. మంచి శిక్షణకైతే డబ్బు పెట్టడానికి సిద్ధమే.

జయనగర్ సీనియర్:
ఈ వెలితి ఎంఫిల్ ముగించుకుని వచ్చిన ప్రతి ఒక్కరికీ ఉంటుందండి. పైకి చెప్పుకునేవాళ్లు తక్కువ.

వర్క్‌షాప్‌కి వెళ్లొచ్చినంత మాత్రాన పని రాదని నేను గట్టిగా నమ్ముతాను. 2004లో విలియం మిల్లర్ బృందం మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ (మారాలన్న కోరికను క్లయింట్ నోటే రాబట్టే సంభాషణ పద్ధతి) శిక్షణ మీద ఒక అధ్యయనం ప్రచురించింది. వ్యసనాలకు చికిత్స చేసే 140 మందిని గుంపులుగా విడదీశారు. కొందరికి వర్క్‌షాప్ ఒక్కటే. కొందరికి వర్క్‌షాప్ తర్వాత వాళ్ల సెషన్ల టేపులు విని ఎలా చేశారో చెప్పారు. కొందరికి విడిగా కోచింగ్ ఇచ్చారు, ఇంకొందరికి రెండూ. వర్క్‌షాప్‌తో ఆగినవాళ్ల కంటే ఫీడ్‌బ్యాక్, కోచింగ్ అందినవాళ్ల పనితనం బాగుంది. సొంతంగా చదువుకోమని వదిలేసినవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మరో ఫలితం. తమకు ఎంత బాగా వచ్చిందని వాళ్లు అనుకున్నారో దానికీ, టేపుల్లో వినిపించిన నైపుణ్యానికీ సంబంధమే లేదు. అంటే మన పని ఎలా ఉందో మనకై మనకు తెలియదు. ఇంకొకరు వినాలి.

అందుకే మేం కొద్దిమందిమి కలిసి ఒక బృందం పెట్టుకున్నాం. నెలకో ఆదివారం కూర్చుంటాం. ఒకరు తమ సెషన్ రికార్డింగ్‌లోంచి పది నిమిషాల ముక్క తెస్తారు. క్లయింట్ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే రికార్డింగ్. పేరు, ఊరు, పనిచేసే చోటు ఏవీ బయటికి రాకూడదు. వాట్సాప్‌లో పంపుకోవడం పూర్తిగా నిషేధం. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం గోప్యతను రోగి హక్కుగా చెప్పింది, దాన్ని మేం తేలిగ్గా తీసుకోం. రికార్డింగ్ తెచ్చినవాళ్లు ముందు తమ ప్రశ్న చెప్పాలి. "ఇక్కడ నేను తొందరపడ్డానా?" అన్నంత సూటిగా ఉండాలి ఆ ప్రశ్న. మిగతావాళ్లు దానికే జవాబు చెప్పాలి.

ఎవరి కేసు ముందు తీసుకోవాలన్నదానికి పీహెచ్‌క్యూ-9 చూస్తాం, డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం అది. తెలుగులో కూడా ఉంది, స్కోరు 0 నుంచి 27 వరకు. ప్రతి సెషన్‌కీ నింపిస్తాం. కొన్ని వారాలైనా స్కోరు కదలని క్లయింట్ కేసే ముందు. బాగా నడిచిన కేసులు చెప్పుకోవాలని అందరికీ ఉంటుంది, వాటికి చివర్లో టైం మిగిలితే సరి.

మీ ఈఆర్‌పీకి కూడా ఇదే చెప్తాను. ఎక్స్‌పోజర్ చేయిస్తూ మధ్యలో మనమే ధైర్యం చెప్పేస్తుంటాం, "ఏం కాదులెండి" అంటాం. ఆ భరోసాయే ఇంకో కంపల్షన్‌లా (చేయకుండా ఉండలేని పనిలా) పనిచేస్తుంది. మాట్లాడేటప్పుడు మన నోట్లోంచి అది వచ్చిన సంగతే తెలియదు, టేపులో వినిపిస్తుంది.

మారతహళ్లి ఈఏపీ:
సీనియర్ గారి మాటే నాదీ. నేను ఈఏపీలో, అంటే కంపెనీలు తమ ఉద్యోగుల కోసం పెట్టే సహాయ కార్యక్రమంలో, ఐటీ ఉద్యోగులకు కౌన్సెలింగ్ చేస్తాను, వచ్చేవాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ. ఆ మధ్య ఒక సంస్థ రెండు రోజుల్లో ట్రామా (మానసిక గాయం) థెరపిస్టు సర్టిఫికెట్ ఇస్తామంటే చేరాను. ఒక్క రోల్‌ప్లే లేదు, స్లైడ్లు చదివి వినిపించారు. నాకు నిజంగా కోపం వచ్చింది, ఎందుకంటే అదే సర్టిఫికెట్ చూపించి కొందరు మర్నాటి నుంచే ట్రామా కేసులు తీసుకుంటున్నారు.

పోలిక కోసం చెప్తున్నా: ఈఎండీఆర్ (కళ్ల కదలికల సాయంతో ట్రామాకు చేసే చికిత్స) అంతర్జాతీయ సంఘం బేసిక్ ట్రైనింగ్‌కి పెట్టిన ప్రమాణం 20 గంటల పాఠం, 20 గంటల పర్యవేక్షణలో సాధన, 10 గంటల కన్సల్టేషన్. ఆ చివరి 10 గంటలూ మీ సొంత కేసుల మీదే. ఏ కోర్సుకైనా డబ్బు కట్టేముందు, క్లాసు అయ్యాక నా కేసులు ఎవరు వింటారు అని అడగండి. జవాబు రాకపోతే కట్టకండి.

హిందూపురం నుంచి:
నేను చదివింది బెంగళూరులో, ఇప్పుడు పని ఇక్కడ. ఆదివారం జయనగర్ రావడం ప్రతిసారీ కుదరదు. నాకు ఆసరా బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ల డిజిటల్ అకాడమీ. 2018లో మొదలైంది. అందులో ఎకో పద్ధతి నడుస్తుంది. 2003లో న్యూమెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా హెపటైటిస్ సి వైద్యం పల్లె డాక్టర్లకు నేర్పడానికి మొదలుపెట్టిన పద్ధతి అది. వీడియోలో అందరం కలుస్తాం, మనలో ఒకరు కేసు చెప్తారు, నిమ్హాన్స్ వాళ్లూ మిగతా ఊళ్లవాళ్లూ ప్రశ్నలు వేస్తారు, చిన్న పాఠం ఉంటుంది. నేను చెప్పిన కేసు మద్యం మానలేకపోతున్న ఒక రైతుది. మందుల సంగతి సైకియాట్రిస్టు, ఇంటివాళ్లతో ఎలా మాట్లాడాలో సోషల్ వర్కర్ చెప్పారు. అన్ని రంగాలవాళ్లు ఒకేచోట మా జిల్లాలో నాకు దొరకరు.

వైట్‌ఫీల్డ్ స్కూల్ కౌన్సెలర్:
నాది ఎమ్మెస్సీ కౌన్సెలింగ్ సైకాలజీ, ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ లేదు. కాబట్టి నన్ను పాయింట్లు అడిగేవాళ్లు లేరు. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం సైకాలజిస్టులను బిహేవియరల్ హెల్త్ సైన్సెస్ కింద చేర్చింది. మాకూ రిజిస్ట్రేషన్ రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

స్కూల్లో పనిచేసేవాళ్లు మాత్రం చట్టం గురించి ఏటా ఒకసారైనా కూర్చుని చదవాలి. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) సెక్షన్ 19 ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే శిక్ష ఉంది. ప్రిన్సిపాల్‌కి చెప్పాను కదా అని ఊరుకోవడం చాలదు. ఈ సంగతి తెలియని కౌన్సెలర్లు నాకు తారసపడుతూనే ఉన్నారు, చాలా బాధగా ఉంటుంది. ఆత్మహత్యాయత్నం విషయంలో కూడా మార్పు వచ్చింది. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షన్ లేదు. పోలీసు కేసు అవుతుందని భయపడి పిల్లల్ని ఆసుపత్రికి తీసుకెళ్లని తల్లిదండ్రులకు మనం ధైర్యంగా చెప్పాల్సిన మాట ఇది. రాత్రిపూట సాయం కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరు ఇస్తాను, తెలుగులోనూ మాట్లాడతారు.

ఎంఏ విద్యార్థి:
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా చెల్లి ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేద్దామనుకుంటోంది. చేరొచ్చా?

వైట్‌ఫీల్డ్ స్కూల్ కౌన్సెలర్:
వద్దమ్మా. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని యూజీసీ చెప్పింది. రెగ్యులర్ కాలేజీ చూసుకోమను.

హెచ్‌ఎస్‌ఆర్ క్లినికల్:
అందరికీ కృతజ్ఞతలు. మా ఆసుపత్రి అనుమతి పత్రంలో రికార్డింగ్ ప్రస్తావనే లేదు. సోమవారం వెళ్లగానే మొదట ఆ పత్రం గురించే అడుగుతాను. సీనియర్ గారూ, మీ బృందంలో చోటుందా?

జయనగర్ సీనియర్:
చోటుందండి, మెసేజ్ పెట్టాను చూడండి. రికార్డింగ్‌కి అనుమతి వచ్చేదాకా ఆగనక్కర్లేదు. సెషన్ అయిన వెంటనే మీరన్నదీ క్లయింట్ అన్నదీ గుర్తున్నంతవరకు నాటకంలో సంభాషణలా రాసి తీసుకురండి. ఈ నెల మొదటి వంతు మీకే ఇస్తాం, ఈఆర్‌పీ కేసే తెండి.