ఎడిన్‌బరా సెంట్రల్, 2021 మే 6 స్కాట్లాండ్ పార్లమెంటు ఎన్నిక: గ్రీన్స్‌కి వేస్తే ఓటు వృథాయేనా?

టోల్‌క్రాస్_తమ్ముడు (2021 ఏప్రిల్ 11)
అన్నలూ అక్కలూ, ఎం.ఎస్సీ.కి వచ్చి ఏడు నెలలైంది. కామన్వెల్త్ దేశం వాళ్లం కాబట్టి స్టూడెంట్ వీసా మీదున్నా ఇక్కడ ఓటుందని నిన్ననే తెలిసింది. నమోదుకి 19 ఆఖరు. మా సెంట్రల్‌లో ఎస్ఎన్‌పీ (స్కాట్లాండ్ విడిపోవాలనే స్కాటిష్ నేషనల్ పార్టీ) తరఫున అంగస్ రాబర్ట్‌సన్, కన్జర్వేటివ్‌లకి స్కాట్ డగ్లస్, పర్యావరణ పార్టీ గ్రీన్స్‌కి ఆలిసన్ జాన్‌స్టోన్ ఉన్నారు. పోయినసారి కన్జర్వేటివ్‌ల తరఫున గెలిచిన రూత్ డేవిడ్‌సన్ ఈసారి పోటీలో లేరు. నాకు గ్రీన్స్ నచ్చారు. వేస్తే వృథానా?

ఓరుగల్లు_బిడ్డ
వృథా గాదు తమ్ముడూ, నష్టం. 2016ల డేవిడ్‌సన్‌కు 10,399 వచ్చినయ్, ఎస్ఎన్‌పీకి 9,789. తేడా 610. అదే చోట గ్రీన్స్‌కు 4,644 పడ్డయ్! అండ్ల కొన్ని ఎస్ఎన్‌పీకి పడితే సీటు దక్కుతుండె. ఆ ఏడు గ్రీన్స్ స్కాట్లాండ్ మొత్తంల నిలబడ్డది మూడే నియోజకవర్గాలు, అండ్ల మనది ఒకటి. ఇంకో నియోజకవర్గం డంబార్టన్ల ఎస్ఎన్‌పీ 109 ఓట్లతోని ఓడింది. 129 సీట్ల సభల 65 కావాలె, 63 కాడ ఆగింది. ఆ రెండు సీట్లే తక్కువైనయ్.
నీకు రెండు కాగితాలు ఇస్తరు. ఊదా రంగుది నియోజకవర్గానికి, పీచ్ రంగుది లోథియన్ లిస్టుకు, అంటే మన ప్రాంతం మొత్తానికి పార్టీలు ఇచ్చే పేర్ల జాబితాకు. లిస్టుల ఒక పార్టీ ఓట్లను, అది గెలిచిన నియోజకవర్గాలకు ఒకటి కలిపి భాగిస్తరు, ఎక్కువ వచ్చినోళ్లకు సీటు. 2016ల ఎస్ఎన్‌పీ లోథియన్ల ఆరు గెలిచింది, అంటే ఏడుతోని భాగించుడు. లిస్టుల ఒక్క సీటు రాలే. గ్రీన్స్ ఎక్కడ గెలవలే, అందుకే లిస్టుల ఇద్దరు వచ్చిండ్రు. జాన్‌స్టోన్ గట్లనే సభకు పోయింది. గ్రీన్స్‌కు పీచ్ కాగితం వెయ్యి, ఊదాది రాబర్ట్‌సన్‌కు.

కృష్ణలంక_రావు
ఆ 4,644 మంది ఎస్ఎన్‌పీ సొత్తని ఎవరు రాసిచ్చారు చెల్లెమ్మా? 2011లో గ్రీన్స్ ఇక్కడ బరిలోనే లేరు. అప్పుడు ఎస్ఎన్‌పీ మార్కో బియాజీ గెలిచింది 237 ఓట్లతో. ఈ సీటెప్పుడూ అంచు మీదే ఉంటుంది. రాబర్ట్‌సన్ సంగతీ చెప్పండి. 2017లో మోరేలో బ్రిటన్ పార్లమెంటు ఎంపీ సీటు పోగొట్టుకుని ఇక్కడికి వచ్చారు. ఎస్ఎన్‌పీ ఎంపీ జోఆనా చెర్రీ ఈ సీటు అడిగితే ఎంపీ పదవి వదులుకోవాలని 2020లో పార్టీ కొత్త నిబంధన పెట్టింది, ఆవిడ తప్పుకున్నారు. ఈ పద్ధతి నాకు నచ్చలేదు.

లీత్_లక్ష్మి
నా ఓటు పక్క నియోజకవర్గంలో. పోస్టల్ ఓటు గడువు 6తోనే అయిపోయింది, బూత్‌కే వెళ్లాలి. మాస్కు, పెన్ను మీరే తీసుకెళ్లండి.

ఓరుగల్లు_బిడ్డ
610, అన్నా. ఆ అంకెకు జవాబు చెప్పుండ్రి. బియాజీ ముచ్చట తర్వాత.

కృష్ణలంక_రావు
చెప్పాను. గ్రీన్స్ లేకపోతే ఆ ఓట్లు కొన్ని లేబర్‌కి పోయేవి, కొందరు ఇంట్లో కూర్చునేవారు.

ఓరుగల్లు_బిడ్డ
నేను పార్టీ జెండా మోసేదాన్ని గాదు. 2015ల ఓల్డ్ టౌన్ల అద్దెకున్నం. నాకు ఆరో నెల. ఆగస్టు ఫెస్టివల్‌కు టూరిస్టులకు ఇచ్చుకుంటే పైసలు ఎక్కువొస్తయని ఇంటాయన మమ్మల్ని ఖాళీ చేయమన్నడు. సామాను మోసుకుంట మూడంతస్తులు దిగిన. 2017 డిసెంబర్ సంది వచ్చిన కొత్త అద్దె ఒప్పందాలల్ల కారణం లేకుండ ఎల్లగొట్టనీకె లేదు. ఆ చట్టం తెచ్చింది ఎస్ఎన్‌పీ సర్కారు. నా ఓటు అందుకే.

కృష్ణలంక_రావు
మీ బాధ అబద్ధమనను. కానీ మీరు వేసే ఓటు అద్దె చట్టం దగ్గర ఆగదు. గెలిస్తే స్కాట్లాండ్ విడిపోవడం మీద మళ్లీ రెఫరెండం అంటున్నారు. డాల్రీలో మా ఫ్లాట్‌కి ఇంకా పద్దెనిమిదేళ్ల లోను ఉంది. రేపు కరెన్సీ ఏదో తెలియదు. రెండేళ్లు చదువుకుని వెళ్లిపోయే పిల్లలతో ఆ దారిన ఓట్లు వేయించడం న్యాయమా?

టోల్‌క్రాస్_తమ్ముడు
అన్నా, నేనూ ఇక్కడే అద్దె కడుతున్నాను. చట్టమే ఇచ్చిన ఓటు.

ఓరుగల్లు_బిడ్డ
ఎవరు ఉండేటోళ్లు, ఎవరు పోయేటోళ్లు అని మీరే తేలుస్తరా? మీరు పోయి ఉన్న ప్రతి ఊర్ల గిట్లనే తేల్చిండ్రా?

కృష్ణలంక_రావు
అక్కడికే వచ్చారు కదా, అయితే వినండి. మా నాన్నగారు 1992లో హైదరాబాద్ వచ్చారు. నా చదువూ పెళ్లీ అక్కడే. 2014 జనవరి 30న అసెంబ్లీ ఆ బిల్లు వద్దంది. ఫిబ్రవరి 18న లోక్‌సభలో టీవీ ప్రసారం ఆపేసి ఆమోదించారు. నేనిక్కడ టీవీ ముందు కూర్చున్నాను, తెర ఆగిపోయింది. నన్నెవరూ ఒక్క మాట అడగలేదు. అదే ఏడు సెప్టెంబర్ 18న ఈ ఊళ్లో బూత్‌లో నిలబెట్టి, ఈ దేశం ఉండాలా విడిపోవాలా అని నన్ను అడిగారు. నేను వచ్చి మూడేళ్లే అయింది. చేతులు వణికాయి. నో అని వేశాను. నూటికి యాభై అయిదు మంది అదే అన్నారు. ఒకసారి అడిగి జవాబు విన్నాక మళ్లీ అడుగుతామంటే నాకు నిద్ర పట్టదు. రాబర్ట్‌సన్ మంచీ చెడ్డా కాదు నా గొడవ.

మోడరేటర్
రాష్ట్ర విభజన మీద వేరే చర్చ ఉంది. వ్యక్తిగత మాటలు వద్దు.

ఓరుగల్లు_బిడ్డ
ఒక్కటి అడిగి ఊకుంట. మీరూ వచ్చిన మూడేండ్లకే ఓటేసిండ్రు, తమ్ముణ్ణి వద్దంటున్నరు, అది పక్కకు పెడదం. మిమ్మల్ని అడగాలె అంటరు. అడిగితే ఎవర్ని అడగాలె? ఇరవై మూడు జిల్లాలనా, మా పదింటినా? 2014ల ఓటు స్కాట్లాండ్ల ఉన్నోళ్లకే ఉండె. ఇంగ్లాండోళ్లను అడగలే. గా లెక్కన మా పది జిల్లాలను అడిగితే ఏం జవాబు వస్తుండెనో మీకు ఎరికే. మా నాయన 1969ల లాఠీ దెబ్బ తిన్నడు, చచ్చేదాక ఆ ఎడమ చెయ్యి పైకి లేవలే.

కృష్ణలంక_రావు
మీ నాన్నగారి చెయ్యి గురించి నాకు తెలియదు. ఇంగ్లాండ్‌ని అడగకపోవడం నాకు అప్పుడూ తప్పనే అనిపించింది, ఇప్పుడూ అదే అంటాను. హైదరాబాద్‌లో ఉన్న మాకు మాత్రం ఆ పది జిల్లాల్లోనూ ఓటు ఉండేది. అదైనా ఇవ్వాల్సింది.

లీత్_లక్ష్మి
ఇద్దరూ ఈ మాట ఏడేళ్ల కిందటే అనుకోవాల్సింది.

టోల్‌క్రాస్_తమ్ముడు
నమోదు చేసేశాను. పీచ్ కాగితం గ్రీన్స్‌కే. ఊదాది ఇంకా తేలలేదు. రావన్నా, నిజం చెప్పండి, డేవిడ్‌సన్ ఓట్లు డగ్లస్‌కి వస్తాయా?

కృష్ణలంక_రావు
ఆ ఓట్లు రావు తమ్ముడూ. ఆవిడ పేరు మీద పడినవి ఆవిడతోనే పోతాయి. రాబర్ట్‌సనే గెలుస్తారు. నేను డగ్లస్‌కే వేస్తాను.